మైనస్ 12 డిగ్రీల వడగాల్పు

నిన్న చూసిన ఒక వీడియోలో అంటార్కిటికా వేడెక్కిన వైనం చెబుతూ వెనుక ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ పెట్టారు. ఆ జంతువు ఉండేది ఉత్తరాన. దక్షిణ ధ్రువం వైపు ఒక్కటీ లేదు. బొమ్మ సంగతి వదిలేయవచ్చు గానీ, 2022 మార్చి 18 నాటి వేడినంతటినీ "భూతాపం" అన్న ఒక్క మాటతో తేల్చేయడం నాకు మింగుడు పడలేదు.

ఫ్రాన్స్, ఇటలీ కలిసి నడిపే కాంకోర్డియా పరిశోధన కేంద్రం 3,200 మీటర్లకు పైగా ఎత్తున, మంచు పీఠభూమి నడుమ ఉంది. ఆ రోజు అక్కడి ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 12 డిగ్రీలకు చేరింది. ఆ కాలానికి ఉండవలసిన దానికంటే ఇది సుమారు 39 డిగ్రీలు ఎక్కువ. చలికాలం ముంచుకొస్తున్న ఆ రోజుల్లో అంత వేడి అక్కడ పుట్టేది కాదు, మరెక్కడి నుంచో రావలసిందే.

దాన్ని మోసుకొచ్చినవి రాస్‌బీ తరంగాలు, అంటే ఎత్తున వీచే గాలుల్లోని పెద్ద మెలికలు. పడమటి నుంచి తూర్పుకు సాగే గాలి ధార వేల కిలోమీటర్ల మేర మెలికలు తిరిగినప్పుడు, ఒక మెలికలో వెచ్చటి గాలి ధ్రువం వైపూ, పక్క మెలికలో చల్లటి గాలి భూమధ్యరేఖ వైపూ కదులుతాయి. గిలక బావికి రెండు చేదలు కట్టినట్టే: నిండినది పైకి వస్తుంటే ఖాళీది కిందికి పోతుంది, గిలక ఉన్నచోటే ఉంటుంది, నీళ్లు మాత్రం గట్టు చేరతాయి. ఆ మార్చిలో హిందూ మహాసముద్రం మీది తుపాన్లు, ఉరుము మేఘాలు ఈ తరంగాలను రేపగా, ఆవిరితో బరువెక్కిన గాలి పాయ ఒకటి నేరుగా పీఠభూమి మీదికి ఎక్కింది. ఎక్కుతూ చల్లబడే కొద్దీ ఆవిరి మంచుగా మారి, తనలో దాగిన వేడిని (గుప్తోష్ణాన్ని) గాలిలోకి వదిలింది. పైన పరచుకున్న మేఘాలు ఉన్న వేడిని జారిపోనివ్వలేదు.

వేడెక్కిన భూమి మీద ఈ రవాణా మొత్తంగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అసలు మార్పు సరుకులో ఉంది. ధ్రువానికీ ఉష్ణమండలానికీ నడుమ ఉష్ణోగ్రత తేడా తగ్గితే తరంగాలు మోసే పొడి వేడి, అంటే ఆవిరిలో దాగక గాలి వెచ్చదనంగానే వెళ్లేది, తగ్గుతుంది. ఒక్కో డిగ్రీకి గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టగలదు కనుక ఆవిరి రూపంలో వెళ్లేది పెరుగుతుంది. వాతావరణ శాస్త్రవేత్తలు మనాబే, వెదరాల్డ్ 1975లోనే తమ కంప్యూటర్ నమూనాలో దీన్ని చూపారు. మనాబేకు నోబెల్ వచ్చింది 2021లో!

కాంకోర్డియా 39 డిగ్రీల్లో భూతాపం వాటా సుమారు 2 డిగ్రీలేనని శాస్త్రవేత్తల లెక్క. ఈ మాట అన్నందుకు "నువ్వు కూడా భూతాపం అబద్ధమనే వాళ్ల పక్షమేనా" అని ఒక మిత్రుడు కోప్పడ్డాడు. తరంగం పనిని తరంగం ఖాతాలో రాస్తే భూతాపం అబద్ధమైపోదు గదా.

ఇంతకీ ఆ వీడియో కింద "కరిగిపోతున్న అంటార్కిటికా" అని రాశారు. మైనస్ 12 దగ్గర మంచు కరగదు. తీరాన వాన పడి కొంత కరిగిన మాట నిజమే; పీఠభూమి మీద మాత్రం మంచు కురిసి, ఆ ఏటి మంచు పద్దులో జమ వైపే పడింది.