సెలవులకొచ్చిన కొడుకు అల్లుడు కాదు

డిసెంబర్ వస్తే చాలు, మా అనంతపురంలో ఏ ఇంటికి పోయినా ఇదే రామాయణం. "మావాడు వచ్చినాడక్కా. మధ్యాహ్నమైనా లేవడు, లేస్తే ఫోను వదలడు, ఏమడిగినా ఊ అంటాడు, ఆ అంటాడు." వినీ వినీ విసుగొచ్చి ఈ పోస్ట్ రాస్తున్నా.

పడుకోనివ్వండమ్మా. సెమిస్టర్ పరీక్షలు రాసి, భువనేశ్వర్ నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రీ పగలూ ప్రయాణం చేసి వచ్చినాడు మావాడు. వారం నిద్రపోతే కొంపలేం మునగవు. నా కోపం వాళ్ల నిద్ర మీద కాదు, లేచాక మనం చేసే మర్యాదల మీద.

మంచం దగ్గరికే కాఫీ. వేడివేడిగా ఉగ్గాని, బజ్జీ. తిన్న ప్లేటు అక్కడే ఉంటుంది, తీసేది అమ్మ. హాస్టల్లో తన బట్టలు తానే ఉతుక్కునేవాడు, మెస్సులో తన ప్లేటు తానే తీసేవాడు, అనంతపురం స్టేషన్లో దిగీ దిగగానే కొత్తల్లుడు అయిపోతాడు. అదే ఎదురింటి అమ్మాయి సెలవులకొస్తే రెండో రోజుకే చేతికి చీపురొస్తుంది. ఆ పిల్ల చదివేదీ బీటెక్కే, రాసి వచ్చిందీ పరీక్షలే. దీని గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు.

అసలు సంగతి ఇంకా వెనక ఉంది. పదో తరగతి అవ్వగానే రెసిడెన్షియల్ కాలేజీలో పడేస్తాం. ఎప్పుడో ఒక ఆదివారం ఔటింగ్ ఇస్తే బిర్యానీ తినిపించి, చిరుతిళ్ల సంచి చేతిలో పెట్టి మళ్లీ గేటు దగ్గర వదిలేస్తాం. ఇంటర్ అయ్యాక, ఊళ్లోనే 1946 నాటి ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నా (ఇప్పుడు జేఎన్టీయూలో ఉన్నదే), ర్యాంకు ఎక్కడికి తోస్తే అక్కడికి. అట్లా పదిహేనేళ్లకే ఇల్లు వదిలినవాడికి చక్కెర డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలీదు. సెలవులకొస్తే మనం ఇప్పటికీ ఆ ఔటింగ్ మర్యాదలే చేస్తున్నాం. చుట్టాన్ని చూసినట్టు చూస్తే చుట్టంలాగే ఉంటాడు. చుట్టం ఎక్కడైనా మనసు విప్పుతాడా?

మొన్న అనపకాయలు తెచ్చి, ఒలిచిన గింజలు నానబెట్టి, హాల్లో పేపరు పరిచి మావాణ్ని పిలిచినా. "నాకు రాదమ్మా" అన్నాడు. రాకపోతే నేర్చుకో అన్నా. నానిన గింజను రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలో పడాలి. వాడు నొక్కినవన్నీ సోఫా కిందికి పోయినాయి. వాళ్లవ్వ పడీపడీ నవ్వింది. చేతులంతా జిడ్డు కాబట్టి ఫోను ముట్టుకునే దారి లేదు. కాసేపటికి చేయి కుదిరింది. అప్పుడు మొదలుపెట్టినాడు, ఎవరూ అడక్కుండానే. రూమ్మేటుతో మాటల్లేవంట. ఒక సబ్జెక్టు పోయేట్టుందంట. ఫోన్లో ఎప్పుడడిగినా "అంతా బాగుందమ్మా" అనేవాడే ఇదంతా చెప్పింది. నేను తలెత్తకుండా పితుకుతూనే ఉన్నా. తలెత్తి ముఖం చూస్తే ఆపేస్తాడని నాకు తెలుసు. ఆ రాత్రి పితికిపప్పు, సంగటి ఎంత తిన్నాడో!

ఇక బంధువులు. రెండో సంవత్సరం పిల్లోణ్ని పట్టుకుని "ప్యాకేజీ ఎంతొస్తుందిరా?" అని అడిగే పెద్దనాయనలు, మామలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాడు గదిలోకి పోయి తలుపేసుకుంటే "పొగరు" అంటారు. వాళ్లొస్తే మావాడికి నేనే చెబుతా, మిద్దె మీదికి పో నాయనా అని.

ఇంకో బాధ కూడా ఉంది. మావాడు చదివేలాంటి కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థల్లో సెలవులు డిసెంబర్లో ఇచ్చి, జనవరి మొదట్లోనే క్లాసులు పెడతారు. ఇక్కడి కాలేజీల పిల్లలు సంక్రాంతికి ఇళ్లకొచ్చే వేళకు మన పిల్లలు హాస్టల్లో ఉంటారు. అందుకే ముందే అరిసెలు చేసి డబ్బాకెత్తడానికి తల్లులంతా తయారవుతున్నారు. చేయండి, నేనూ చేస్తా. అయితే పాకంలో పిండి పోసేటప్పుడు ఆపకుండా కలిపే మనిషి ఒకరు కావాలి కదా? గరిటె కొడుకు చేతికివ్వండి. కూతురుంటే ఈసారికి ఆ పిల్లను సోఫాలో కూర్చోబెట్టి, మొదటి అరిసె ఉడుకుడుకుగా ఇమ్మనండి వాణ్ని.