లెన్సు మూతకో జాతీయ విధానం

కృష్ణా జలాల వాటా తేల్చడానికి 1969లోనే ట్రైబ్యునల్ వేశారు. పెళ్ళి మండపంలో నిలబడి లెన్సు మార్చేవాడు మూతలు ఎక్కడ పెట్టుకోవాలన్నది మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వానికీ పట్టలేదు.

సమస్య లోతు తెలియనివారికి లెక్క చెబుతాను. కెమెరా ఒకటి, లెన్సులు రెండు అనుకోండి. ప్రతి లెన్సుకూ ముందొక మూత, వెనకొక మూత. కెమెరాకు తగిలించి ఉన్న లెన్సు వెనక మూతకు పనేమీ ఉండదు కాబట్టి అది నిరుద్యోగిగా జేబులో తిరుగుతుంటుంది. ఇవి కాక కెమెరా నోటికి వేసే బాడీ క్యాప్ ఒకటి. కొన్న రోజున అట్టపెట్టెలోకి వెళ్ళింది, ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు ఎడమ చేతిలో పాత లెన్సు, కుడి చేతిలో కొత్త లెన్సు, మెడలో నోరు తెరుచుకుని వేలాడే కెమెరా. మూత తీసే చెయ్యేది? కార్తవీర్యార్జునుడికి వేయి చేతులు యుద్ధం కోసమేనంటే నాకు అనుమానమే.

శాస్త్రం లేకపోలేదు. కెమెరా ఆపి, లోపల బొమ్మను పట్టే సెన్సరు మీద దుమ్ము పడకుండా నోరు నేలవైపు తిప్పాలి. కొత్త లెన్సు మూతను సంచిలోనే వదులు చేసి ఉంచుకోవాలి. కొందరైతే రెండు వెనక మూతలను వీపూ వీపూ ఆనించి జిగురుతో అతికించేస్తారు. ఖాళీ వైపు పాత లెన్సు బిగించి, రెండో వైపు కొత్తది విప్పుకోవడమే. ఉమ్మడి కుటుంబం అంటే అదీ! ఆచరణలో మాత్రం మనవాళ్ళకు ముందు మూత పళ్ళ మధ్య, వెనక మూత చొక్కా జేబులో. జేబులో వక్కపొడి, బస్సు టికెట్టు, నూలు పోగులు. ఆ పోగు మూతలోకి, మూతలోంచి లెన్సు వెనక అద్దం మీదికి, అక్కడినుంచి సెన్సరు మీదికి. మూడు మజిలీల్లో యాత్ర పూర్తి.

అందుచేత ప్రతి కల్యాణ మండపంలోనూ చెప్పుల స్టాండు పక్కనే మూతల స్టాండు, టోకెన్ ఇచ్చే మనిషి ఉండాలని నా డిమాండు.

ఇది ఊరికే అనడం లేదు. మొన్న మా పిన్ని కూతురి పెళ్ళిలో జీలకర్ర బెల్లం దాకా అంతా సవ్యంగానే జరిగింది. తాళి దగ్గర, దూరాన్ని దగ్గరకు లాగే 70-200 లెన్సు ఎక్కిద్దామని విప్పానో లేదో, వెనక మూత చెయ్యి జారి దొర్లుకుంటూ పోయింది. మా బావ తన మూత ఇస్తానన్నాడు, పాపం. ఆయనది క్యానన్, నాది నికాన్. ఒకరి మూత ఒకరికి పట్టదు, లెన్సు తిప్పి బిగించే దిక్కు కూడా వేరు. జాతకాలు కలవలేదు. ఇంతలో "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు. నేను మోకాళ్ళ మీద బల్లల కింద ఉన్నాను. మూడు ముళ్ళూ పడ్డాయి, నాకు ఒక్కటీ కనిపించలేదు.

మూత మాత్రం దొరికింది. ఎవరో పెద్దావిడ అందులో అక్షింతలు పోసుకుని కూర్చుంది. "గిన్నె భలే ఉంది నాయనా, ఎక్కడ కొన్నారు?" అంది. పసుపంతా పంచె కొంగుతో తుడిచి, లెన్సుకు పెట్టేశాను.

మర్నాడు చెరువు గట్టున, మంచి ఎండలో, ఎఫ్/16లో కొత్త జంట ఫోటో తీశాను. ఎపర్చరు, అంటే లెన్సులో వెలుతురు దూరే కన్నం, అంతలా మూస్తేనే సెన్సరు మీది మచ్చలు బయటపడతాయి, పడ్డాయి.

"ఆకాశంలో ఆ మచ్చేంట్రా?" అంది పిన్ని.

"గరుడ పక్షి, పిన్నీ."

పిన్ని రెండు చేతులూ కళ్ళకద్దుకుని, అదే ఫోటో పెద్ద సైజులో ఫ్రేము కట్టించమంది.