ఎకరం ఏట్లో, బకాయి పుస్తకంలో

రెవెన్యూ వాళ్లకి కొత్త సంవత్సరం జూలై ఒకటిన వస్తుంది. దాన్ని ఫసలీ అంటారు. ఫసలీ 1432 మొదలై రెండు వారాలు తిరిగాయో లేదో, 2022 జూలైలో వరద గోదారి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చి కోనసీమ లంకల మీద పడింది. మా లంకలో సర్కారు కౌలుకిచ్చిన ఎకరం ఇరవై సెంట్ల అరటితోట కోతకి పోయింది. తోటే కాదు, దాని కింద నేల కూడా.

కౌలు రిజిస్టరుకి మాత్రం తడి తగల్లేదు. ఏటా డిమాండు పడుతోంది, వసూలు సున్నా. పైగా అందులో ఉన్న పేరు వరద దాకా సాగు చేసుకున్న కుర్రాడిది కాదు, వాళ్ల తాతది. ఆయన వరదకి ముందే పోయాడు. కౌలుదారు లేడు, పొలం లేదు, బకాయి మాత్రం ఏపుగా పెరుగుతోంది.

ఆ పద్దు కొట్టేయాలంటే వీఆర్వోగా నేను అజమాయిషీ చేసి, ఫొటోతో రిపోర్టు పంపాలి. ఫొటోకి ఒక యాప్. పొలం హద్దుల్లో నిలబడితే తప్ప కెమెరా తెరుచుకోదు. ఫ్యాను కింద కూర్చుని పంటలు రాసేసే మహానుభావుల కోసం పెట్టిన ఏర్పాటు, తప్పు పట్టలేం. గట్టు చివర నిలబడి తెరిస్తే, పొలానికి ఇంకా 140 మీటర్ల దూరంలో ఉన్నానంది. బాణం గుర్తు తిన్నగా గోదాట్లోకి చూపిస్తోంది.

మనవడు నాటు పడవ తెచ్చాడు. "ఎక్కండి వీఆర్వో గారూ, మా చేలోకి ఇప్పుడిదే పుంతండి, ఆయ్!"

నడి ఏట్లోకి వెళ్లాక తెడ్డుతో హద్దులు చూపించడం మొదలెట్టాడు. "ఇదిగోండి, ఇక్కడ బోరు ఉండేదండి. ఆ సుడి తిరుగుతోందే, అది పాకండి. కాస్త ఇటు జరగండి, అటు పక్కోళ్ల చేనండి, గొడవలొస్తాయి." పడవ మన సర్వే నంబరులోకి రాగానే కెమెరా తెరుచుకునేది. నేను నొక్కేలోగా ఏటి వడికి పక్క నంబరులోకి జారిపోయేది. చివరికి ఎవరో వల కట్టుకోవడానికి పాతిన వెదురు గెడకి పడవ కట్టేశాడు. ఫొటో పడింది. చుట్టూ నీళ్లు, మధ్యలో వల, తెడ్డు పట్టుకుని నవ్వుతున్న మనవడు. పంట పేరు దగ్గర వరి, అరటి, కంద, పసుపు అన్నీ ఉన్నాయి, గోదారి లేదు. 'ఇతరములు' నొక్కి పంపేశాను.

వారం తిరక్కుండా పైనుంచి మెమో దిగింది. బకాయి ఊసే లేదు. ప్రభుత్వ లీజు భూమిలో అనుమతి లేకుండా చేపల చెరువు తవ్వినట్టు ఫొటోలో స్పష్టంగా కనిపిస్తోందట. కౌలుదారుకి నోటీసిచ్చి, చెరువు విస్తీర్ణం, లోతు కొలిచి, తవ్విన మట్టి ఎక్కడికి తోలారో రాయాలట.

నోటీసు పట్టుకెళ్లి ఇచ్చాను. కుర్రాడు నిలబడే అంతా చదివి, బుద్ధిగా సంతకం పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మట్టి సంగతి మీరే సముద్రాన్ని అడగండి సార్. చెరువని ఎలాగూ రాసేశారు కాబట్టి, ఏరేటర్లకి కరెంటు కనెక్షన్ ఇప్పించండి. చేపలకి గాలాడట్లేదండి!"