సవరణ: లేజర్ సెన్సర్ రేణువును లెక్కపెడుతుంది, అదేమిటో గుర్తుపట్టదు

గాలిలోని వాయువులను, జీవకణాలను కాంతితో పసిగట్టే పరికరాల గురించి మొన్న రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. లేజర్ రేణువుల సెన్సర్ ఒక్కటుంటే చాలు, పుప్పొడినీ బ్యాక్టీరియానూ దుమ్ము నుంచి వేరు చేసి చూపిస్తుందని రాశాను. అది నిజం కాదు. పుప్పొడి పడనివాళ్లు ఎవరైనా దాన్ని నమ్మి ధైర్యపడతారేమోనని నా టెన్షన్.

ఆ సెన్సర్‌లో చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది. రేణువు లేజర్ కిరణానికి అడ్డం వచ్చిన క్షణంలో కాంతి చెదిరి, పక్కనున్న ఫోటోడయోడ్ (కాంతిని పసిగట్టే చిన్న భాగం) మీద ఒక మినుకు పడుతుంది. ఆ మినుకు తీవ్రతను బట్టి రేణువు సైజును అంచనా వేస్తుంది, అంతే. పొగమంచు తుంపరను కూడా రేణువు కిందే జమ కడుతుంది.

జీవకణమా కాదా తేల్చాలంటే అతినీలలోహిత కాంతి కావాలి. సుమారు 280 నానోమీటర్ల కాంతి తగిలితే ప్రోటీన్లలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తిరిగి మెరుస్తుంది. మట్టి దుమ్ము చాలావరకు అలా మెరవదు. అయితే కొన్ని రకాల పొగ కణాలూ మెరుస్తాయి కాబట్టి, ‘జీవకణం కావచ్చు’ అనేంతవరకే చెప్పగలం.

ఇంకొకటి, కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పరారుణ సెన్సరే ఆక్సిజన్‌నూ కొలుస్తుందన్న వాక్యం కొట్టేయండి. కార్బన్ డయాక్సైడ్ 4.26 మైక్రోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ అణువులోని రెండు పరమాణువులూ ఒకే రకం కావడంతో అక్కడ దానికి ఆ గుణం లేదు. దాన్ని కాంతితో కొలవాలంటే 760 నానోమీటర్ల దగ్గరి లేజర్ వాడతారు.