భూమ్మీద నూకలు

మేజర్ ధ్యాన్‌చంద్ పుట్టినరోజైన ఆగస్టు 29ని జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుకుంటారన్న సంగతి నాకు చాలాకాలంగా తెలుసు. ఆ రోజున కబడ్డీ కోర్టుకు గీతలు గీసే పని తెలుగు పండితుడి నెత్తిన పడవచ్చునన్న సంగతి మాత్రం ఆ ఏడాదే తెలిసింది. మా ఉన్నత పాఠశాల డ్రిల్లు మాస్టారు శ్రావణమాసంలో మేనకోడలి పెళ్లి ఉందని నాలుగు రోజులు సెలవు పెట్టి, వెళుతూ వెళుతూ ఆటసామాన్ల గది తాళంచెవిని కూడా జేబులో వేసుకుని వెళ్లారు. ఫోను చేస్తే సన్నాయి తప్ప మరేమీ వినబడలేదు. హెడ్మాస్టరుగారు స్టాఫ్‌రూములోకి వచ్చి ఒక్కొక్కరినీ తేరిపార చూసి, చివరకు నా దగ్గర ఆగి, “మీకు వృత్తాలూ అవీ బాగా వచ్చు కదండీ” అన్నారు. నాకు వచ్చిన వృత్తాలు ఉత్పలమాల, చంపకమాల అని మనవి చేసుకునేలోపే ఆయన గుమ్మం దాటారు.

ఆ మధ్యాహ్నం, మూడు వారాలుగా నా బల్ల కింద పడి ఉన్న గోనెమూట మీద అలవాటు ప్రకారం కాళ్లు పెట్టుకుని, కబడ్డీ నియమాల పుస్తకం ఆసాంతం చదివాను. దీనికన్నా వ్యాకరణమే దయగలదనిపించింది. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడుమ ఒక గీత. ఆ నడిగీతకు అటూ ఇటూ 3.75 మీటర్ల దూరంలో బాక్‌లైను, దానికి మరో మీటరు అవతల, కూతకు వెళ్లినవాడు దాటి వస్తే అదనపు పాయింటు తెచ్చిపెట్టే బోనస్‌లైను. ఇవిగాక రెండు పక్కలా మీటరేసి వెడల్పున లాబీలు. మొత్తం గీత పొడవు వంద మీటర్లు దాటుతుందని లెక్కల మాస్టారు కాగితం మీద తేల్చి చూపించి, టేపు అరువిచ్చి, ఎంతో సానుభూతితో తప్పుకున్నారు. మా చిన్నతనంలో చెడుగుడుకు కాలి బొటనవేలితో గీసిన ఒక్క గీత సరిపోయేది.

గీతలకు సున్నం కావాలి. అది తాళం వేసిన గదిలో ఉందని మా అందరి నమ్మకం. బజారు నుంచి ముగ్గుపిండి తెప్పిద్దామని హెడ్మాస్టరుగారు అన్నప్పుడు నేను ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ పండితుడు ఊరుకోడు. బజారులో అమ్మేది పిండి కాదనీ, రాతిపొడి అనీ, మన పెద్దలు బియ్యప్పిండితో ముగ్గు పెట్టింది అందం కోసం మాత్రమే కాదనీ, చీమలకూ పిట్టలకూ ఇంత తిండి పడాలన్న భూతదయ అందులో ఉందనీ ఏటా సంక్రాంతి పాఠంలో చెప్పే ఉపన్యాసాన్ని అక్కడ కూడా చెప్పాను. హెడ్మాస్టరుగారు చెమ్మగిల్లిన కళ్లతో అంగీకరించారు. బియ్యం ధర విన్నాక ఆ తడి ఆరిపోయింది. చివరకు ఎనిమిది కిలోల నూకలు పిండిమరకు పంపించాం. మరవాడు హడావుడిలో బరకగా ఆడించి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే పదో తరగతి ఆడపిల్లలు నలుగురు వచ్చారు. నేను తాడు పట్టుకుని నిలబడడమే గాని, పనంతా వాళ్లదే. చిటికెడు పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నని ధారగా జార్చుతూ, నడుము వంచినవాళ్లు ఎత్తకుండా, వెనక్కి అడుగులు వేసుకుంటూ గీసిన ఆ గీతల్లో ఒక్క వంకర లేదు. అంతా అయ్యాక వాళ్లలో ఒకమ్మాయి బోసిగా ఉన్న లాబీని చూసి మనసొప్పక, “మాస్టారూ, ఆ మూల పద్మం వేసేదా?” అని అడిగింది. నియమాల పుస్తకంలో పద్మాన్ని నిషేధిస్తూ ఏ వాక్యమూ లేదు గనుక వేయమన్నాను.

సభ తొమ్మిదిన్నరకు మొదలైంది. ముఖ్య అతిథి మా ఊరి పెద్దమనిషి. మైదానం ప్రహరీ కూలిన చోటికి అవతలే ఆయన ఇల్లు. వేదిక కోర్టుకు ఎదురుగా కాక చెట్టునీడ కోసం పక్కకు వేయడం వల్ల సభికులందరి వీపులూ కోర్టు వైపే ఉన్నాయి. హెడ్మాస్టరుగారు ధ్యాన్‌చంద్‌తో ప్రారంభించి క్రమశిక్షణ మీదుగా ఆస్తిపన్ను దాకా వెళ్లారు. ఆ మధ్యలో ఆరో తరగతి కుర్రవాడొకడు లేచి “సార్, కోడి!” అన్నాడు. నేను వాడిని కూర్చోబెట్టాను. కాసేపటికి వాడే మళ్లీ లేచి “సార్, పిల్లలు కూడా!” అన్నాడు. మళ్లీ కూర్చోబెట్టాను. నలభై నిమిషాల తరవాత చప్పట్లు కొట్టి వెనక్కి తిరిగేసరికి, ప్రహరీ వైపు సగంలో బోనస్‌లైనూ, బాక్‌లైనులో చాలా భాగమూ, పద్మమూ కనబడలేదు. ఆ గీతలకు భూమ్మీద నూకలు చెల్లాయి. ఈ మాటను ఇంత అక్షరాలా వాడుకునే అవకాశం మరే తెలుగు పండితుడికీ వచ్చి ఉండదు.

అయినా ఆట ఆపలేదు, నేను ఈల ఊదాను. తొమ్మిదో తరగతి కుర్రవాడు కూతకు వెళ్లాడు. అవతల ఏడుగురూ కోర్టులోనే ఉన్నారు గనుక బోనస్‌కు వీలుంది. వాడు ఒక కాలు ముందుకు చాచి, రెండో కాలు గాలిలోకి లేపి, ముప్పై సెకన్లు ముగిసేలోగా తిరిగివచ్చి చెయ్యెత్తాడు. “గీతే లేనప్పుడు దాటడమేమిటి సార్?” అని పదో తరగతి నాయకుడు అడ్డుపడ్డాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని పరిశీలించాను. అక్కడ కోడికాళ్ల గుర్తులూ, నాలుగు పిండి రవ్వలూ తప్ప మరో సాక్ష్యం లేదు. అప్పుడు తొమ్మిదో తరగతివాడు, క్లాసులో ఏనాడూ నోరు తెరవనివాడు, వినయంగా చేతులు కట్టుకుని, “‘రాజభటుడు’ అన్న సమాసంలో ‘యొక్క’ కనబడదు గాని ఉన్నట్టేనని మొన్న మీరే చెప్పారు కదండీ, మాస్టారూ” అన్నాడు. పాతికేళ్ల బోధన ఫలించిన క్షణమది. కళ్లనీళ్లు తిరిగాయి, బోనస్ పాయింటు ఇచ్చేశాను. పదో తరగతి మొత్తం గొల్లుమంది.

న్యాయం చెప్పడానికి ముఖ్య అతిథి వేదిక దిగి వచ్చారు. తమ రోజుల్లో చెడుగుడు ఎలా ఆడేవారో ఆయన చెబుతుండగానే ఆ కోడి తన సంసారంతో సహా నడిగీత మీదికి వచ్చింది. నేను “ఉష్! ఉష్!” అంటూ నియమాల పుస్తకం విసరబోయాను. “ఆగండి మాస్టారూ, అది మా నల్లపెట్ట! పిల్లలను చేసి వారమే అయింది, బెదరగొట్టకండి” అంటూ ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. హెడ్మాస్టరుగారు నాకు కళ్లతోనే చెప్పవలసినదంతా చెప్పారు. పెట్టా, పిల్లలూ నడిగీతను ఆ చివర నుంచి ఈ చివరకు తీరుబడిగా ముగించేదాకా పద్నాలుగు మంది ఆటగాళ్లూ, నేనూ నిశ్శబ్దంగా నిలబడ్డాం.

ముఖ్య అతిథి మనసు నొప్పించకూడదన్న ఆదేశం మేరకు, క్రీడల రిజిస్టరులో ‘ఫలితం’ అన్న గడిలో “సాంకేతిక కారణాల వల్ల నిలిపివేయడమైనది” అని రాశాను.

సోమవారం డ్రిల్లు మాస్టారు పెళ్లిలడ్డూల డబ్బాతో వచ్చారు. రిజిస్టరు చదివి, ఆ కారణాలేమిటని అడిగి, కథంతా ఓపికగా విన్నారు. “సున్నం గదిలో ఎందుకుంటుందండీ? అక్కడ పైకప్పు కారుతోందని మూడు వారాల కిందటే తీసేశాను” అన్నారు. ఎక్కడ పెట్టారని అడిగాను. ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి కాస్త వంగి, “మాస్టారూ, ఒక్కసారి కాళ్లు తీస్తారా?” అన్నారు.