సున్నాలు జరిపితే వోల్టులు అర్థం కావు

పికోవోల్టులను నానోవోల్టుల్లోకి మార్చమంటే దశాంశ బిందువును మూడు స్థానాలు ఎడమకు జరపమని చెప్పి వదిలేస్తున్నాం. పాఠ్యపుస్తకాలదీ అదే దారి, అంతర్జాలంలోని కన్వర్టర్లదీ అదే దారి. లెక్కలో తప్పేమీ లేదు. అంతటితో పాఠం అయిపోయిందనుకోవడం మీదే నా కోపమంతా.

ముందు కన్వర్టర్ల సంగతి. ఒక పికోవోల్టు అని కొడితే 0.000000000001 వోల్టు అని చూపిస్తాయి. ఆ సున్నాలను కంటితో ఎవరు లెక్కపెట్టగలరు? ఒక్కటి జారితే విలువ పదింతలవుతుంది, చూసేవారికి ఆ సంగతి తెలియనే తెలియదు. ఈ బాధ తప్పించడానికే కదా మిల్లీ, మైక్రో, నానో, పికో అంటూ వెయ్యేసి రెట్ల మెట్లు కట్టుకున్నది! అవి చాలక 1964లో పికోకు కింద ఫెమ్టో, అట్టో కూడా చేర్చుకున్నాం. ఇంత చేసి మళ్లీ సున్నాల వరసలోకే దిగడం ఎందుకు?

ఈసీజీ కాగితం ఒకసారి దగ్గరగా చూడండి. మామూలు అమరికలో నిలువుగా పది చిన్న గళ్లు, అంటే 10 మిల్లీమీటర్లు, ఒక మిల్లీవోల్టు. ఒక చిన్న గడి 100 మైక్రోవోల్టులు. గీత ఆ ఒక్క గడి మేర పైకి లేచిందా లేదా అన్నదాన్ని బట్టి గుండెపోటును అనుమానించాల్సిన సందర్భాలుంటాయి. తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి తీసే ఈఈజీలో సంకేతం మామూలుగా 10 నుంచి 100 మైక్రోవోల్టులు. అంటే మెదడు నుంచి వచ్చే అల సాధారణంగా గుండె గీతలోని ఒక్క చిన్న గడిలో ఇమిడిపోతుంది. ఇలా చూసిన విద్యార్థి మిల్లీకీ మైక్రోకీ ఉన్న దూరాన్ని జన్మలో మరచిపోడు.

అసలు ప్రమాణం మార్చేది పోల్చడానికి. వేడిని వోల్టేజీగా మార్చి చూపే కె రకం థర్మోకపుల్ ఒక డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. దాని వెనుక సంకేతాన్ని పెంచే ఆంప్లిఫయర్ ఆఫ్‌సెట్, అంటే అది తనంతట తాను కలిపే తప్పుడు వోల్టేజీ, 0.01 మిల్లీవోల్టు అని దాని వివరాల పత్రంలో రాసి ఉంటే అది ఏమంత లెక్కలోకి వచ్చేలా కనిపించదు. దాన్నే 10 మైక్రోవోల్టులు అనుకుంటే, రీడింగు పావు డిగ్రీ తప్పుతుందని వెంటనే తడుతుంది. మార్పిడికి ఇంతకు మించిన ప్రయోజనం నాకు కనిపించదు.

ఇంకా కిందికి దిగితే మరో గోడ అడ్డం వస్తుంది. ఏ పనీ చేయకుండా గది ఉష్ణోగ్రతలో పడి ఉన్న వెయ్యి ఓమ్‌ల నిరోధకం కూడా, ఒక హెర్ట్జ్ వెడల్పున్న పౌనఃపున్య పట్టీలో సుమారు 4 నానోవోల్టుల రొద, అంటే క్రమం లేని వోల్టేజీ ఊగిసలాట, పుట్టిస్తుంది. అంటే 4,000 పికోవోల్టులు. ఆ రొదను ఒక పికోవోల్టుకు తగ్గించాలంటే, రొద కాలం వర్గమూలం చొప్పునే తగ్గుతుంది కాబట్టి, కోటీ అరవై లక్షల రెట్లు ఎక్కువసేపు సగటు తీయాలి. నెలల తరబడి పని! అందుకే అతి సూక్ష్మ వోల్టేజీల కోసం సున్నా కెల్విన్‌కు, అంటే అత్యంత శీతల స్థితికి, చేరువలో పనిచేసే స్క్విడ్లు అనే అతివాహక పరికరాల వంటివాటిని ఆశ్రయిస్తారు. ఫెమ్టోను అట్టోలోకి మార్చే అభ్యాసాలు పేజీలకు పేజీలు ఇచ్చేవారు ఈ ఒక్క మాట ఎందుకు చెప్పరు?

అంకెల విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. మీటరు 2.07 మైక్రోవోల్టులు చూపితే మనకు తెలిసింది మూడంకెలే. దాన్ని 2070 నానోవోల్టులని రాస్తే ఆ చివరి సున్నాను కూడా కొలిచినట్టు చదివేవారు అనుకుంటారు. కన్వర్టరుకు ఈ వివేకం ఉండదు, రాసేవారికి ఉండాలి.

గుర్తుల సంగతి చెప్పనక్కరలేదు. చిన్న ఎమ్ బదులు పెద్ద ఎమ్ పడితే మిల్లీ కాస్తా మెగా అవుతుంది, తేడా వంద కోట్ల రెట్లు. మైక్రోకు గుర్తైన మ్యూ (µ) కొట్టడం రాక దాని స్థానంలో చిన్న ఎమ్ పెట్టేవారు మరీ ప్రమాదం, ఎందుకంటే వెయ్యి రెట్ల తప్పు చూడటానికి సబబుగానే ఉంటుంది. మ్యూ దొరకకపోతే మైక్రో అని పూర్తిగా రాయండి.

పరీక్షపత్రం తయారుచేసేవారికి నా విన్నపం ఒక్కటే. 3.5 నానోవోల్టులు ఎన్ని పికోవోల్టులు అని అడగకండి. ఆ 3.5 నానోవోల్టుల సంకేతం వెయ్యి ఓమ్‌ల నిరోధకం రొదలో కనిపిస్తుందా అని అడగండి.