పాటకీ పాటకీ మధ్య వచ్చే ఉపన్యాసం గారికి

మహారాజశ్రీ ఉపన్యాసం గారి సముఖానికి,

ఏళ్ళ తరబడి రాక్ కచేరీలకి టికెట్ కొనుక్కుని వస్తున్న ఒక శ్రోత నమస్కరించి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, నా మోకాళ్ళు తప్ప. పాట నడుస్తున్నంతసేపూ, మూడు గంటలు నిలబెట్టినా, అవి కిక్కురుమనవు. పాట ఆగి, లైట్లు నీలంగా మారి, గాయకుడు మైకుని రెండు చేతులతో పట్టుకుని "మిత్రులారా, ఒక్క మాట" అనగానే పోటు మొదలవుతుంది. ఆ ఒక్క మాట తమరే.

తమరు నన్ను చూసి ఉండరు. తమరు వేదిక ఎక్కిన ప్రతిసారీ నేను బాత్రూం క్యూలో ఉంటాను. అక్కడ రద్దీ బాగానే ఉంటుంది. యుద్ధం కావాలనేవాళ్ళూ, వద్దనేవాళ్ళూ, ఓటేసేవాళ్ళూ, వేయనివాళ్ళూ ఒకరి వెనక ఒకరు ఓపిగ్గా నిలబడి ఉంటాం. ఇంతమందిని ఒకే వరసలోకి తెచ్చిన రాజకీయ ప్రసంగం ఇంకోటి నేను చూడలేదు.

కోపం తెచ్చుకోకండి. నేను "నోరు మూసుకుని పాడు" బ్యాచ్ కాదు. ఆ బ్యాచ్‌లో నాకో స్నేహితుడున్నాడు. పోలీసుల్నీ బ్యాంకుల్నీ యుద్ధాల్నీ తిట్టే పాటలు ఇరవై ఏళ్ళుగా గొంతు చించుకుని పాడుతున్నాడు, ప్రతి పదం కంఠతా వచ్చు. పాటయ్యాక గాయకుడు అదే సంగతి మామూలు గొంతుతో చెబితే మాత్రం "సంగీతంలోకి రాజకీయాలెందుకు?" అని ముఖం మాడ్చుకుంటాడు. వాడొక్కడే అనుకోకండి. 2012లో రిపబ్లికన్ పార్టీ తరఫున అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన పాల్ రయన్‌కి నచ్చిన బ్యాండ్లలో రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ (అంటే యంత్రం మీద ఆగ్రహం) ఒకటని పత్రికల్లో వచ్చింది. మేము ఇన్నేళ్ళూ ఏ యంత్రం మీద మండిపడుతున్నామో అది మనిషి రూపమెత్తితే ఈయనే అని ఆ బ్యాండ్ గిటారిస్టు టామ్ మొరెల్లో బదులు రాశాడు. పాపం రయన్ గారు డ్రమ్స్ వరకే విన్నారేమో.

కాబట్టి కచేరీలో రాజకీయం ఉండాలా వద్దా అన్న దగ్గర నాకు పేచీ లేదు. రాక్‌లోంచి రాజకీయం తీసేస్తే చాలా బ్యాండ్లకి మిగిలేది జుట్టే. నా పేచీ అంతా తమరి ఖరీదు గురించి.

తమరి పుట్టుక రహస్యం నాకు తెలుసు. తర్వాతి పాట కోసం గిటార్ మీది లావు తీగని ఒక స్వరం కిందికి దించాలి, లేదా వేరే గిటార్ తగిలించుకోవాలి. డ్రమ్మర్ చెమట తుడుచుకుని నీళ్ళు తాగాలి. ఆ కాసేపూ ఖాళీగా వదిలేస్తే జనం ఫోన్లు తీస్తారు. అందుకని తమర్ని పిలుస్తారు. అంటే ప్రపంచశాంతి ఆయుష్షు చాలాసార్లు ఒక తీగ శ్రుతిలో పడేదాకానే. గిటారిస్టు తల ఊపుతాడు, శాంతి సమాప్తం, వన్ టూ త్రీ ఫోర్.

1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్, సితార్ విద్వాంసుడు రవిశంకర్ కచేరీ పెట్టారు. రవిశంకర్ బృందం వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటే అదే పాట అనుకుని జనం చప్పట్లు కొట్టేశారు. శ్రుతి చేసుకోవడమే మీకింత నచ్చితే వాయించడం ఇంకా నచ్చుతుందనుకుంటాను అన్నారాయన. తమరికి పడే చప్పట్లు విన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. ఊరి పేరు చెబితే చప్పట్లు. స్వేచ్ఛ అంటే చప్పట్లు. పొరపాటున నిన్నటి ఊరి పేరు నోట్లోంచి రాకుండా గాయకుడి కాళ్ళ దగ్గర కాగితం మీద ఈ ఊరి పేరు రాసి అంటించడం కూడా ఈ వృత్తిలో మామూలే. తమర్ని కూడా ఆ కాగితం మీదే రాస్తారని నా అనుమానం: నాలుగో పాట, ఐదో పాట, అన్యాయం, ఆరో పాట. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం.

అన్నట్టు, ఆ బంగ్లాదేశ్ కచేరీకి ఒక తోక ఉంది. పన్ను మినహాయింపుకి ముందే దరఖాస్తు పెట్టుకోకపోవడంతో, ఆల్బం మీదా సినిమా మీదా వచ్చిన డబ్బులో చాలా భాగం ఏళ్ళ తరబడి అమెరికా పన్నుల శాఖ దగ్గర ఇరుక్కుపోయింది. మనుషులకి నిజంగా ఏదైనా చేద్దామని దిగితే చివరికి ఫారాలు, సంతకాలు, లెక్కలు. తమరి చేత ఇంతవరకూ ఎవరూ ఒక్క ఫారం నింపించలేదు కదా? అదృష్టవంతులు.

ఇక ఖరీదు సంగతి. 2023 జులై 21, మలేషియాలోని సెపాంగ్. మూడు రోజుల సంగీతోత్సవంలో మొదటి రోజు. బ్రిటన్ నుంచి వచ్చిన ద 1975 బ్యాండ్ గాయకుడు మ్యాటీ హీలీ, స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసే అక్కడి చట్టాల్ని వేదిక మీదే తిట్టి, తన బ్యాండ్‌లోని బేస్ గిటారిస్టుని ముద్దు పెట్టుకున్నాడు. కచేరీ మధ్యలో ఆగిపోయింది. మర్నాడు ప్రభుత్వం మిగతా రెండు రోజులూ రద్దు చేసింది. బ్యాండ్ విమానమెక్కి వెళ్ళిపోయింది. ఆ రెండు రోజుల్లో పాడాల్సిన స్థానిక కళాకారులు, అప్పటికే సరుకు తెచ్చి స్టాళ్ళు పెట్టుకున్న చిన్న వ్యాపారులు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. గాయకుడు ఎవరి తరఫున మాట్లాడాననుకున్నాడో వాళ్ళల్లోనే చాలామంది, ఈయన చక్కా పోయాడు, ఇక్కడ బతకాల్సింది మేము, దీంతో మాకు ఇంకా కష్టం అని వాపోయారు. అది చెడ్డ చట్టమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ సొమ్మొకడిది, సోకొకడిది. తిట్టింది ఒకరు, బిల్లు కట్టింది ఇంకొకరు.

నా దగ్గర తమర్ని తూచే తక్కెడ ఇదొక్కటే: బిల్లు ఎవరి పేరు మీద వచ్చింది?

జాన్ సింక్లెయిర్ సంగతి చూడండి. రెండు గంజాయి సిగరెట్లు ఇచ్చినందుకు మిషిగన్‌లో ఈ కవికి 1969లో పదేళ్ళ జైలు వేశారు. ఆ ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో ద హూ బ్యాండ్ వాయిస్తుండగా ఉద్యమకారుడు ఆబీ హాఫ్మన్ వేదిక మీదకి దూకి మైకు లాక్కున్నాడు, సింక్లెయిర్ జైల్లో మగ్గుతుంటే మీకు ఈ సంబరమేంటి అన్నాడు. ఆ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ బూతులు తిట్టి గిటారుతో ఒక్కటిచ్చి దింపేశాడు. తమరి వంశంలో చేతికి చిక్కి దెబ్బ తిన్నవాళ్ళు అరుదు, ఆ గౌరవం ఆయనకి దక్కింది. 1971 డిసెంబర్ 10న అదే మనిషి కోసం ఆన్ ఆర్బర్‌లో జాన్ లెనన్, యోకో ఓనో, స్టీవీ వండర్ పాడారు. మూడు రోజుల్లో సింక్లెయిర్ బయటికొచ్చాడు. ఇందులో పాటల వాటా ఎంతో లాయర్ల వాటా ఎంతో నేను తేల్చను, ఎందుకంటే గంజాయి శిక్షలు తగ్గించే చట్టాన్ని అక్కడి చట్టసభ సరిగ్గా ఆ వారమే పాస్ చేసింది. లెనన్‌కి మాత్రం బిల్లు తప్పకుండా వచ్చింది. నిక్సన్ ప్రభుత్వం ఆయన్ని దేశంలోంచి పంపించాలని చూసింది. 1976 జులైలో గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా నాలుగేళ్ళపైన కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆ కచేరీలో ఎఫ్‌బీఐ మనుషులు జనంలో కూర్చుని పాటలోని మాటలు కూడా రాసుకున్నారట. ఉపన్యాసం గారూ, నిజం చెప్పండి, అంత శ్రద్ధగా వినేవాళ్ళు తమరికి మళ్ళీ దొరికారా?

వేదిక ఉంది కదా అని తమరు ఎప్పుడూ మంచివైపే ఉంటారన్న భ్రమ కూడా నాకు లేదు. 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ తప్పతాగి, వలసవచ్చినవాళ్ళని వెళ్ళగొట్టాలనీ, వలసల్ని వ్యతిరేకించే రాజకీయ నాయకుడు ఈనక్ పవెల్‌ని బలపరచాలనీ వాగాడు. అంతకు రెండేళ్ళ ముందే జమైకా నల్లజాతి గాయకుడు బాబ్ మార్లీ పాట పాడి అమెరికాలో మొదటి స్థానం కొట్టినవాడు ఈయనే. అప్పుడూ గొంతు తమరిదే. దానికి జవాబుగా కొంతమంది సంగీత పత్రికలకి ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరంలోంచే రాక్ అగైన్‌స్ట్ రేసిజం అనే జాతివివక్ష వ్యతిరేక ఉద్యమం పుట్టింది. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో ద క్లాష్ వాయిస్తుంటే వేలకి వేల మంది వచ్చారు. నేను కూడా ఉత్తరమే ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు తెలిసింది కదా.

తమరికి ఎదురు సమాధానం చెప్పినవాళ్ళు ఒకే ఒక్కసారి నాకు కనిపించారు. 1993 వేసవి. ఐర్లండ్ బ్యాండ్ యూ2 స్టేడియంలలో పెద్ద పెద్ద తెరలు పెట్టి, ముట్టడిలో ఉన్న బోస్నియా రాజధాని సారయెవోకి శాటిలైట్ లైన్ కలిపి అక్కడి మనుషులతో మాట్లాడేది. పాటల మధ్యలో ఒక్కసారిగా యుద్ధం. ఇలాంటి సీను తమరికి కలలో కూడా రాదు. అయితే వెంబ్లీలో ఒక రాత్రి తెర మీదకొచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు కృతజ్ఞతలు చెప్పలేదు. మీరు ఇప్పుడు మళ్ళీ మీ పాటల్లోకి వెళ్ళిపోతారు, మేమున్నామన్న సంగతే మర్చిపోతారు, మేమంతా చచ్చిపోతాం అన్నారు. స్టేడియం నిండా జనం. చప్పట్లు ఎక్కడ కొట్టాలో ఎవరికీ తెలియలేదు. వాళ్ళన్నట్టే తర్వాత పాట మొదలైంది, ఇంకేం చేస్తారు మరి? ఆ లైన్లంత నరకం తనకి ఇంకేదీ గుర్తులేదని డ్రమ్మర్ లారీ మలెన్ తర్వాత ఒప్పుకున్నాడు.

కానీ వాళ్ళు నిజంగానే మర్చిపోలేదు. యుద్ధం ముగిశాక, 1997 సెప్టెంబర్ 23న, సామానంతా మోసుకుని సారయెవోకే వెళ్ళి కోషెవో స్టేడియంలో వాయించారు. ఆ రాత్రి బ్యాండ్ గాయకుడు బోనో గొంతు పోయింది. గాయకుడికి మాట పెగలకపోతే జనమే అందుకుని పాడారు. తమరు ఆ రాత్రి ఎక్కడున్నారో తెలియదు గానీ, తమరి లోటు మాత్రం ఎవరికీ తెలిసినట్టు లేదు.

ఇంకా బాధపెట్టే మాట ఒకటుంది, మనసు గట్టి చేసుకుని చదవండి. కమ్యూనిస్టు పాలనలో ఉన్న చెకోస్లోవేకియాలో ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్ అని ఒక బ్యాండ్. వాళ్ళు ఉపన్యాసాలిచ్చిన పాపాన పోలేదు. వింత పాటలు, పొడుగు జుట్టు, అనుమతి లేని కచేరీలు. 1976లో పట్టుకెళ్ళి, అల్లరి చేస్తున్నారని కేసు పెట్టి, కొందరిని జైల్లో వేశారు. ఆ విచారణ చూసి కడుపు మండిన నాటకకర్త వాట్స్లావ్ హావెల్ లాంటివాళ్ళు 1977 జనవరిలో చార్టర్ 77 అనే మానవ హక్కుల ప్రకటన తెచ్చారు. తర్వాత హావెల్ దేశాధ్యక్షుడయ్యాడు. ఇంత జరిగినా ఎక్కడా తమరి పేరు లేదు.

ఇంతకీ నా కోరికలు పెద్దవేం కాదు. మొదటిది, చెప్పాలనుకున్నది ముందే చెప్పండి. ఒకప్పుడు పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్‌లో ఉన్న రోజర్ వాటర్స్ 2022 టూర్‌లో కచేరీ మొదలయ్యే ముందే ప్రకటన వినిపించాడు: పింక్ ఫ్లాయిడ్ అంటే ఇష్టం గానీ రోజర్ రాజకీయాలు భరించలేం అనేవాళ్ళు ఇప్పుడే బార్‌కి తగలడితే మంచిది అని. తిట్టాడని కొందరు నొచ్చుకున్నారు. నాకైతే మర్యాదగానే తోచింది, ముందే చెబితే క్యూలో ముందుంటాం. టైము విషయంలో కూడా ఆయన్ని చూసి నేర్చుకోవచ్చు. 2018లో బ్రెజిల్ ఎన్నికల ముందురోజు కురిటీబాలో, రాత్రి 10 దాటితే ఎన్నికల ఊసెత్తకూడదని చట్టం. 9:58కి తెర మీద, మాకు ముప్ఫై సెకన్లుంది అని వేసి, చెప్పాల్సింది చెప్పేసి, పదికి ఆపేశాడు. ముప్ఫై సెకన్లు! తమరికి గొంతు సవరించుకోవడానికే అంత పడుతుంది.

రెండోది, రీఫండ్. వాషింగ్టన్‌కి చెందిన ఫుగాజీ బ్యాండ్ టికెట్‌ని 5 డాలర్ల దగ్గరే ఉంచడానికి పట్టుబట్టేది. జనంలో ఎవడైనా పక్కవాళ్ళ మీద పడి గుద్దుతుంటే పాట ఆపి, వాడిని పిలిచి, కవర్లో 5 డాలర్లు పెట్టి చేతికిచ్చి బయటికి పంపేవాళ్ళు. నాకు ఉపన్యాసం అంటే ఇది. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాడు ఎదురుగానే ఉన్నాడు, వాడి టికెట్ డబ్బు వాడికే వెనక్కి. కార్పొరేట్ దురాశ మీద తమరు గర్జించినప్పుడల్లా నా జేబులోని టికెట్ వైపు చూసుకుంటాను, దాని మీద సర్వీసు చార్జీ వేరే లైన్లో ఉంటుంది. ఆ లైను గురించి తమరి నోట ఎన్నడూ వినలేదు. పెర్ల్ జామ్ బ్యాండ్ వాళ్ళు పట్టించుకున్నారు, 1994లో టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ కంపెనీ మీద ఏకంగా అమెరికా ప్రభుత్వానికే ఫిర్యాదు చేసి, తర్వాతి ఏడాది ఆ కంపెనీ లేకుండా టూర్ చేయబోయి నానా అవస్థ పడ్డారు. మళ్ళీ బిల్లే.

మూడోది అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది. ఒక్కసారైనా ముందున్న జనానికి నచ్చని మాట చెప్పండి. అందరూ అప్పటికే ఒప్పుకున్నదే మళ్ళీ చెప్పి చప్పట్లు కొట్టించుకోవడానికి తమరెందుకు, ట్యూనింగ్ చాలదా? 2003 మార్చిలో డిక్సీ చిక్స్ వాళ్ళు (రాక్ కాదు, కంట్రీ, నాకూ తెలుసు) లండన్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్‌ని ఒక్క వాక్యం అన్నారు. లండన్ జనం కేరింతలు కొట్టారు. ఇంటికెళ్ళేసరికి సొంత శ్రోతలు సీడీల్ని తొక్కించారు, రేడియోలు పాటలు ఆపేశాయి. ఒక్క వాక్యం అంత బరువుంటుందని ఆ రోజుదాకా తమరికీ తెలిసుండదు.

ఇట్లు,
తమరి మాటలకి ఎప్పుడూ దూరంగా ఉండే
ఒక శ్రోత

తా.క. ఈ ఉత్తరమంతా క్యూలో నిలబడే రాశాను. దీన్నిబట్టి తమరు ఎంతసేపు మాట్లాడారో లెక్క వేసుకోండి. నా ముందు ఇంకా నలుగురున్నారు. ఉండండి, లోపల చప్పట్లు ఆగిపోయినట్టున్నాయి. ఎవరో ఈల వేస్తున్నారు. "దిగు కిందకి" అని ఎవరో అరుస్తున్నారు, ఇంకెవరో వాళ్ళ మీద అరుస్తున్నారు. ఏమన్నారు తమరు? క్యూ వదిలేసి లోపలికి వస్తున్నాను.